చెయ్యి తియ్యి

ఆ వీధిలో అతన్ని తిట్ల ఇంజనీరు అంటారు. ఎదురుపడితే సార్ అంటారు, దాటిపోయాక ఆ పేరు అంటారు. ఇంజనీరింగ్ చదివిన మాట నిజం, తిట్లు అమ్ముకుని బతికిన మాట కూడా నిజం. కాకపోతే ఆ తిట్లు అతనివి కావు, అతని పెద్దమ్మవి.

తల్లి పోయేనాటికి అతనికింకా నడక సరిగా రాలేదు. తల్లికి అక్క అయిన పెద్దమ్మ అతన్ని చంకనేసుకుని తీసుకెళ్ళి పెంచింది. ఆవిడ ఒక పెద్ద లాండ్రీలో పనిచేసేది. ఆస్పత్రుల దుప్పట్లన్నీ అక్కడికే వచ్చేవి. ఆవిడ ఇస్త్రీ హాలుకి మేస్త్రి, అందరూ మేస్త్రమ్మ అనేవారు. హాలు మధ్యలో రోలర్ మెషీను ఉండేది, మనిషి నడుమంత లావున్న రెండు ఇనుప రోలర్లు నిప్పులా కాలుతూ ఎదురెదురుగా తిరుగుతుండేవి. తడి దుప్పటి అంచు చెరోపక్కా పట్టుకుని ఇద్దరు ఆడవాళ్ళు వాటి మధ్యకి అందించాలి, అందించిన వెంటనే చెయ్యి లాగేసుకోవాలి. చెయ్యి మరీ దగ్గరికొస్తే మెషీను తనంతట తనే ఆగేలా ముందువైపు ఒక ఇనుప అడ్డు ఉండేది. మాటిమాటికీ ఆగి పని సాగనివ్వడం లేదని యజమాని దాన్ని ఊడదీయించాడు. అప్పట్నుంచీ ఆ అడ్డు పని పెద్దమ్మ గొంతు చేస్తూ వచ్చింది. ఎవరి వేళ్ళు హద్దు దాటినా హాలు ఆ చివర్నుంచి ఒక్క కేక వినబడేది, "చెయ్యి తియ్యవే మొద్దు మొహమా!" అని. ఆ కేకకి ఆలోచించేవాళ్ళు లేరు, చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చేసేది. అన్నేళ్ళలో ఆ మెషీను దగ్గర ఒక్కరికీ గోరు కూడా కమలలేదు. మంచి మెషీను కొన్నానని యజమాని పదిమంది దగ్గరా చెప్పుకునేవాడు.

ఇంటి దగ్గర కూడా ఆవిడ నోటికి సెలవు లేదు. పుస్తకం ముందు పెట్టుకుని కునుకు తీస్తే తిట్టు, చొక్కా తిరగేసి తొడుక్కుంటే తిట్టు, వానలో తడిసొస్తే తల తుడుస్తూ తిట్టు. ఒక్కో తిట్టూ అప్పటికప్పుడు పుట్టేది, నిన్నటిది ఇవాళ వాడేది కాదు. పొద్దుట్నుంచీ ఆవిడ నోరు వినబడకపోతే ఒంట్లో ఎలా ఉందని పక్కింటివాళ్ళు తొంగిచూసేవారు. ఆ తిట్లు తింటూనే అతను పెరిగాడు, చదివాడు, ఇంజనీరయ్యాడు. ఆవిడ లేకపోతే ఏ గోడ మీదో కూర్చుని కాళ్ళూపుకుంటూ ఉండేవాడు, ఆ సంగతి అతనికీ తెలుసు.

వేలితో తాకితే కదిలే ఫోన్లు అప్పుడప్పుడే జనం చేతుల్లోకి వస్తున్న రోజులవి. ఫోన్లో యాప్ అనేదొకటి ఉంటుందని, ఎవరైనా తయారుచేసి స్టోర్లో పెట్టొచ్చని తెలిసేసరికి కుర్రకారుకి నిద్ర పట్టలేదు. ఇంజనీరు ఉద్యోగం మానేశాడు. అతని క్లాస్‌మేట్ ఒకడు అరచేతిలో స్వర్గం చూపించగల మాటకారి, అతనూ మానేశాడు. ఇద్దరూ ఒక బ్యాటరీల షాపు పైగది అద్దెకి తీసుకుని కంపెనీ అని బోర్డు పెట్టారు. కింద యాసిడ్ వాసన, పైన రెండు కంప్యూటర్లు, కిటికీకి కర్టెన్ బదులు ఒక పాత బ్యానర్. ఇంజనీరు రాస్తాడు, మాటకారి అమ్ముతాడు, అదీ ఒప్పందం.

టార్చి యాప్ చేశారు, వాళ్ళది పెట్టేసరికి స్టోర్ నిండా టార్చిలే ఉన్నాయి. గోడకి పటం వంకరగా ఉందో తిన్నగా ఉందో చెప్పే యాప్ చేశారు. దాన్ని వాడినవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళ చుట్టాలు. తర్వాత ఎక్కడ ఎంత రొద ఉందో కొలిచి చెప్పే యాప్ మొదలుపెట్టారు. దానికి రకరకాల రొదలు కావాలి గనక ఇంజనీరు రోడ్ల మీదా, మార్కెట్లోనూ, చివరికి పెద్దమ్మ లాండ్రీలోనూ ఫోను పట్టుకుని తిరిగి రికార్డు చేసుకొచ్చాడు.

లాండ్రీ రొద వింటుంటే మధ్యలో ఆ కేక వచ్చింది. ఇంజనీరుకి చిన్నప్పట్నుంచీ అలవాటైన గొంతు కాబట్టి పట్టించుకోలేదు. మాటకారి మాత్రం చేతిలో టీ గ్లాసు వదిలేశాడు. భయపడి వదిలేసి, ఆ వెంటనే పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. మళ్ళీ పెట్టమన్నాడు, మళ్ళీ నవ్వాడు. రొదా వద్దు, కొలతా వద్దు, ఇదే యాప్ అన్నాడు. తెర మీద వేలు పెట్టగానే ఫోను కేకేస్తుంది, చెయ్యి తియ్యమని తిడుతుంది, అంతే. ముట్టుకుంటే పనిచేసే ఫోను జనానికి ఇంకా కొత్త. ముట్టుకుంటే తిట్టే ఫోను అంటే ఎగబడతారని అతని లెక్క.

ముందు పెద్దమ్మకే చూపించారు. ఆవిడ చూపుడువేలు భయంభయంగా తెర మీద పెట్టింది. ఫోను ఆవిడ గొంతుతోనే కసిరింది. తన కేకకి తనే చెయ్యి వెనక్కి లాక్కుని, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నేనింత గయ్యాళిలా ఉంటానట్రా అని మురిసిపోయింది, మర్నాడు హాల్లో అందరికీ చెప్పుకుంది. మిత్రులిద్దరూ ఆ నవ్వునే అనుమతి కింద జమకట్టుకున్నారు. నోరు తెరిచి అడిగినవాడు లేడు.

యాప్‌ని స్టోర్లో పెట్టారు గానీ, ఒక్క తిట్టుతో ఎంతకాలం నడుస్తుంది? కొత్తవి కావాలన్నారు వాడేవాళ్ళు. పెద్దమ్మని కుర్చీలో కూర్చోబెట్టి తిట్టమన్నారు. ఆవిడకి రాలేదు. ఎవరిని తిట్టాలి, ఏం చేశారని తిట్టాలి అని అడిగింది. నీళ్ళు నమిలింది, సిగ్గుపడింది, చివరికి ఎవరో రాసిచ్చింది చదివినట్టు రెండు ముక్కలు అంది. కారణం లేకుండా ఆవిడ నోట తిట్టు రాదని వాళ్ళకి అర్థమైంది. అయితే కారణం మనమే ఇద్దాం అన్నాడు మాటకారి.

ఆ కంపెనీ పనిచేసే పద్ధతి అలా మొదలైంది. టేబుల్ మీద న్యూస్‌పేపర్ కింద ఫోను పెట్టి, ఇంజనీరు కావాలని పాలు పొంగబెట్టేవాడు. ఆవిడ ఉతికి ఆరేసిన బట్టల మీద బురద కాళ్ళతో నడిచేవాడు. అప్పుడు తిట్లు బ్రహ్మాండంగా వచ్చేవి. కొన్నాళ్ళకి వాటికీ ఆవిడ అలవాటుపడింది, గొంతులో పదును తగ్గింది. మోతాదు పెంచారు. సర్టిఫికెట్లు బస్సులో పోగొట్టుకున్నానని ఒకసారి, ఎవరినో బండితో గుద్ది పారిపోయి వచ్చానని ఇంకోసారి అబద్ధం చెప్పాడు. రెండోదానికి ఆవిడ తిట్టీ తిట్టీ మధ్యలో ఏడ్చింది. ఆ ఏడుపు కత్తిరించి, ముందున్న తిట్టు వరకు వాడుకున్నారు. అబద్ధమని తర్వాత చెప్పినప్పుడు ఆవిడ వాణ్ణి కొట్టబోయి, బతికించావురా అని తల నిమిరింది. అతనికి ఆ క్షణాన సిగ్గేసింది, ఆ తిట్టు ఎంతమందికి నచ్చిందో తెలిశాక పోయింది.

'చెయ్యి తియ్యి' యాప్ స్టోర్లో నవ్వించే యాప్‌ల పట్టికలో పైకి పాకింది. కాలేజీల్లో, బస్సుల్లో, ఆఫీసు లిఫ్టుల్లో పెద్దమ్మ అరవడం మొదలుపెట్టింది. ఆవిడ రోడ్డు మీద నడుస్తుంటే వెనకాల ఎవరి జేబులోంచో ఆవిడే ఆవిణ్ణి మొద్దు మొహమా అనేది. లాండ్రీ వ్యాన్ డ్రైవరు ఆ కేకని రింగ్‌టోన్ చేసుకున్నాడు. భోజనాల వేళ ఆడవాళ్ళంతా అతని ఫోను చుట్టూ చేరేవారు.

ఒక సాయంత్రం పెద్దమ్మ బ్యాటరీల షాపు మెట్లెక్కి వచ్చింది. ఆ గదికి ఆవిడ రావడం అదే మొదటిసారి. కూర్చోమంటే కూర్చోలేదు.

"అందులోంచి నా గొంతు తీసెయ్యరా," అంది. "నేను అరిస్తే నవ్వుతున్నారు. నవ్వేవాళ్ళు చేతులెక్కడున్నాయో చూసుకోరు. రేపు ఏదన్నా అయితే నేనేం పెట్టి ఆపాలి?"

ఇంజనీరుకి విషయం ఆ ముక్కతోనే బోధపడింది. ఆ హాలు తెలియనివాడా, ఆ అడ్డు లేదని తెలియనివాడా? చిన్నప్పుడు ఆ రోలర్ల ఆవిరికి దూరంగా గోడవార కూర్చుని హోంవర్కు చేసుకున్నవాడు. తీసేస్తానన్నాడు. వచ్చే వారం అన్నాడు. ఆవిడ వాణ్ణి నమ్మి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మాటకారి తలుపు వేసి చెప్పాల్సింది చెప్పాడు. ఒక పెద్ద కంపెనీ వీళ్ళ యాప్‌ని కొనేసుకుని, వీళ్ళిద్దరికీ ఉద్యోగాలు కూడా ఇస్తానంటోంది. బేరం తెగేదాకా పట్టికలో కిందకి జారకూడదు. ఇప్పుడు ఆ గొంతు తీసేస్తే ఇక ఈ గదిలో ఈగలు తోలుకోవడమే. ఒక్క వారం ఆగితే తర్వాత తీయించుకోవచ్చు కదా అన్నాడు. ఇంజనీరు బుర్ర గోక్కున్నాడు. ఆ వారం అయ్యింది, ఇంకో వారం అయ్యింది. పెద్దమ్మ అడిగినప్పుడల్లా, స్టోర్ వాళ్ళు ఒప్పుకోవడానికి ఆలస్యమవుతోందని చెప్పాడు. ఆవిడకి ఆ స్టోర్ ఎక్కడుంటుందో తెలియదు. తెలిస్తే స్వయంగా వెళ్ళి నిలదీసేది.

ఈలోపు ఆవిడ చేయగలిగింది ఆవిడ చేసింది. హాల్లోకి ఫోన్లు తేవద్దంది. ఫోన్లేం చేస్తాయి, పోనీ లెమ్మని యజమాని నవ్వేశాడు. కేక బదులు ఈల ఊది చూసింది, రోలర్ల హోరులో అది వినబడలేదు. పళ్ళెం మీద గరిటెతో మోగించి చూసింది. చివరికి తన చోటు వదిలేసి మెషీను పక్కనే నిలబడటం మొదలుపెట్టింది. అక్కడే నిలబడితే మిగతా పని ఎవరు చూస్తారని యజమాని కసిరి వెనక్కి పంపాడు.

పెద్ద కంపెనీ నుంచి ఒకావిడ వచ్చిన రోజున గదిని శుభ్రం చేసి, ఎక్కణ్ణుంచో రెండు మంచి కుర్చీలు తెచ్చి వేశారు. కాగితాల మీద సంతకాలు అవుతుండగా ఇంజనీరు ఫోను మోగింది. పెద్దమ్మ. అతను కట్ చేశాడు. మళ్ళీ మోగింది, మళ్ళీ కట్ చేశాడు. ఎవరని వచ్చినావిడ మర్యాదకి అడిగితే, మన యాప్‌లో గొంతు ఈవిడదేనండీ, ఫ్యాన్లు ఎక్కువైపోయారు అని మాటకారి జోకేశాడు. ముగ్గురూ నవ్వారు.

ఆ పిలుపు ఎందుకో సాయంత్రం తెలిసింది. లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే ఒక అమ్మాయి ఉండేది, మడతలమ్మాయి అనేవారు. చెయ్యి చురుకని ఆ అమ్మాయిని కొత్తగా రోలర్ దగ్గరికి మార్చారు. దుప్పటి అంచు ముడుచుకుంటే సరిచేయబోయి వేళ్ళు ముందుకి పెట్టింది. పెద్దమ్మ అరిచింది. తన జన్మలో ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచింది. మడతలమ్మాయి పళ్ళికిలించి, ఎవరి ఫోనో చూద్దామని తల తిప్పింది. చెయ్యి ఉన్నచోటే ఉంది. రోలర్లు దుప్పటితో పాటు ఎడమచేతిని మణికట్టుదాకా లోపలికి లాక్కున్నాయి.

మర్నాడు పొద్దున్నకల్లా యజమాని ఆ ఇనుప అడ్డు మళ్ళీ బిగించేశాడు. విచారణకి వచ్చినవాళ్ళకి అది ఎప్పుడూ ఉందనే చెప్పాడు. మేస్త్రి అరవాల్సిన పని కదా, అరిచిందా అని వాళ్ళు అడిగారు. అరిచాననే చెప్పింది పెద్దమ్మ. మరి ఆ అమ్మాయి చెయ్యి ఎందుకు తియ్యలేదన్నారు. నవ్విందండీ అని చెప్పింది. అది రాసుకునే జవాబులా లేదని వాళ్ళు రాసుకోలేదు. తప్పంతా ఆవిడ మీదకి తోసి పనిలోంచి తీసేశారు, యజమాని చేతులు దులుపుకున్నాడు.

ఎవరు చేసుకోవాల్సింది వాళ్ళు చేసుకున్నారు, మరి మన ఇంజనీరు? ఆస్పత్రికి వెళ్ళాడు. వార్డు బయట బల్ల మీద పెద్దమ్మ కూర్చుని ఉంది. ఇప్పుడైనా తీసేస్తావా అని అడిగింది. అతను నేల చూపులు చూస్తూ, అమ్మేశానని చెప్పాడు. ఇప్పటిదాకా రికార్డు చేసినవన్నీ ఇక ఆ పెద్ద కంపెనీవే.

"ఇప్పుడది నా చేతుల్లో లేదు పెద్దమ్మా," అన్నాడు.

ఆవిడ అతని చేతుల వంక చూసింది. పదివేళ్ళూ ఉన్న, ఎక్కడా కాలిన మచ్చ కూడా లేని ఆ చేతుల్ని చూస్తూనే ఉంది. అతనికి వాటిని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

ప్రమాదం సంగతి, ఫోన్లో కేక అనుకుని ఆ అమ్మాయి నవ్విన సంగతితో సహా, పేపర్లో ఒక మూలకి వచ్చింది. ఏ యాప్ వల్ల ఇలా అయ్యిందో చూద్దామని జనం తెగ డౌన్‌లోడ్ చేసుకున్నారు. పట్టికలో అన్నిటికంటే పైకి అది వెళ్ళింది ఆ వారంలోనే. పెద్ద కంపెనీ వాళ్ళు సంతోషించి, వీళ్ళిద్దరికీ అద్దాల ఆఫీసులో సీట్లిచ్చారు. రెండో భాగం త్వరగా తెమ్మన్నారు. కొత్త తిట్లు కావాలి, గొంతు అదే కావాలి.

ఇంజనీరు పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాడు. క్షమాపణ అడగడానికే వెళుతున్నానని దారిపొడుగునా తనకి తను చెప్పుకున్నాడు. చొక్కా జేబులో ఫోను రికార్డు అవుతూనే ఉంది. పెద్దమ్మ తలుపు తీసింది, మంచినీళ్ళిచ్చింది, ఎదురుగా కూర్చుంది. అతను తప్పయిందన్నాడు. నోటికొచ్చినట్టు తిట్టు, కొట్టు, నాకు కావాల్సిందే అన్నాడు. ఆ బతిమాలడంలో ఎంత పశ్చాత్తాపమో ఎంత పనో అతనికే తెలియదు.

"నిన్ను తిట్టి చాలా రోజులైంది, గమనించావా?" అంది ఆవిడ, గొంతు పెంచకుండా. "నువ్వు బాగుపడతావని ఆశ ఉన్నన్నాళ్ళూ తిట్టాను. ఇంక తిట్టనురా. వెళ్ళు."

కిందకి దిగి, వీధి మలుపులో నిలబడి విన్నాడు. చక్కగా రికార్డయింది. కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుని, దాన్ని ఆఫీసుకి పంపాడు. జవాబు వెంటనే వచ్చింది. శబ్దం శుభ్రంగా ఉందట, కానీ ఇందులో తిట్టు లేదట, నవ్వు రావడం లేదట. ఇంకొకసారి ప్రయత్నించమన్నారు.

అతను వెనక్కి వెళ్ళి తలుపు కొట్టాడు. ఎవరని అడిగి, అతనని తెలిశాక లోపల్నుంచి మాట ఆగిపోయింది. మళ్ళీ కొట్టాడు. ఇంకా గట్టిగా కొట్టాడు, చికాకు పుడితే ఒక్క తిట్టైనా తిట్టకపోతుందా అని. ఫోను బయటికి తీసి తలుపు సందుకి ఆనించి మరీ కొట్టాడు. ఆవిడ పలకలేదు. చివరికి పక్క వాటాలోంచి ఒకావిడ జుట్టు ముడేసుకుంటూ బయటికొచ్చి, తలుపు విరగ్గొడతావా దిక్కుమాలినోడా అంటూ అతని ఏడుతరాలనీ కడిగేసింది.

ఆ తిట్టు ఆఫీసులో అందరికీ నచ్చింది. పాత గొంతు కంటే ఇదే జోరుగా ఉందన్నారు. పక్క వాటావిడకి కబురు వెళ్ళింది. ఆవిడ కుర్చీలో కూర్చుని, కారణం అడక్కుండా, గంటసేపు ఆపకుండా తిట్టిపోసింది. రెండో భాగం ఆవిడ గొంతుతోనే వచ్చింది, మొదటిదానికంటే బాగా ఆడింది. పాతవీ కొత్తవీ కలిస్తే ఒకే మనిషిలా లేదని ఎవరో అనడంతో పెద్దమ్మ గొంతు మొత్తం తీసేశారు. ఇంజనీరే తీశాడు, మధ్యాహ్నం టీకి లేవబోతూ, ఒక్క అప్‌డేట్‌లో. గొంతు మారిందని జనంలో ఎవరూ గమనించలేదు.

ఇది మంచి వార్త అనుకున్నాడతను. నిజంగానే అనుకున్నాడు. పెద్దమ్మ ఎక్కువగా మడతలమ్మాయి ఇంట్లోనే ఉంటోందని తెలిసి అక్కడికే వెళ్ళాడు. ఇద్దరూ గుమ్మంలో వెలుతురుకి కూర్చుని ఉన్నారు. ఆ అమ్మాయికి ఎడమచెయ్యి ఉండాల్సిన చోట గుడ్డ చుట్టి ఉంది. మిగిలిన చేతి గోళ్ళు తనంతట తను తీసుకోలేదు గనక పెద్దమ్మ ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని నెయిల్ కట్టర్‌తో ఒక్కో గోరూ తీస్తోంది.

నీ గొంతు తీసేశాను పెద్దమ్మా, ఇంక ఎక్కడా వినబడదు, అని అతను చెప్పాడు. ఆవిడ తలెత్తలేదు.

"ఆ పిల్లకి చెప్పు," అంది.

అతను మడతలమ్మాయి వైపు తిరిగి, తీసేశానని చెప్పాడు. ఎలా తీశారని ఆ అమ్మాయి అడిగింది. ఎగతాళికి కాదు, తెలుసుకుందామనే అడిగింది. అతను తడబడుతూ, కంప్యూటర్లో ఒకచోట చెరిపేస్తే అందరి ఫోన్లలోంచీ పోతుందని చెప్పాడు.

"అంత తేలికా అన్నా?" అంది ఆ అమ్మాయి.

పెద్దమ్మ చిటికెనవేలు గోరు తీసేసి, రాలిన గోళ్ళన్నీ అరచేతిలోకి ఎత్తి బయట పారబోయడానికి లేచింది.